కాయిన్‌కు అంటిన మరక

పియారా వాటర్స్‌లో మనవాళ్లు నలుగురు కలిసి ఇంటికి డబ్బు పంపే మాట ఎత్తితే, బ్యాంకు రేటు కన్నా క్రిప్టో రేటే మేలనేవారు ఒకరైనా ఉంటున్నారు. గనుల క్యాంపుల్లోని పాఠకులు కూడా మమ్మల్ని ఇదే అడుగుతున్నారు. రేటు సంగతి అటుంచి, ఆ కాయిన్ మన చేతికి రాకముందు ఎవరెవరి చేతుల్లో తిరిగిందో చూడాలంటాం మేము. ఈ కథలో హైదరాబాద్‌కూ చోటుంది.

2020 చివర్లో లోన్ యాప్‌ల గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. కరోనాతో పనులు పోయినవాళ్లు ఫోన్‌లో మూడు వేలో ఐదు వేలో అప్పు తీసుకున్నారు. గడువు వారమే. కట్టలేకపోతే ఫోన్‌లోని నంబర్లన్నింటికీ మెసేజ్‌లు పెట్టి పరువు తీశారు. సిద్దిపేటలో, హైదరాబాద్‌లో ప్రాణాలు తీసుకున్నవారున్నారు. తెలంగాణ పోలీసులు చైనా దేశస్థులతో సహా పలువురిని అరెస్టు చేశారు. ఆ సొమ్ము ఎటు పోయిందని ఈడీ ఆరా తీసి, కొంత క్రిప్టోగా మారి దేశం దాటిందని తెలిపింది. 2022 ఆగస్టులో ఈడీ హైదరాబాద్ విభాగం, వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజ్‌ను నడిపే సంస్థ ఖాతాల్లో 64.67 కోట్ల రూపాయలను స్తంభింపజేసింది. విచారణకు సహకరించామని, ఖాతాలు మళ్లీ తెరిచారని సంస్థ మరుసటి నెలలో ప్రకటించింది. పెద్ద సంస్థకు లాయర్లుంటారు, నెలలో తేలింది. కూలి డబ్బు ఇరుక్కుంటే ఎవరున్నారు?

కాగితం నోటు ఎన్ని చేతులు మారినా దాని మీద ఎవరి పేరూ పడదు. బిట్‌కాయిన్ అలా కాదు. 2009 నుంచి ప్రతి బదిలీ అందరికీ కనబడే ఖాతా పుస్తకంలో ఉంది. 2016లో బిట్‌ఫినెక్స్ ఎక్స్ఛేంజ్ నుంచి 1,19,754 బిట్‌కాయిన్లు దొంగిలించారు. అమెరికా అధికారులు ఆ జాడ వదలకుండా 2022 ఫిబ్రవరిలో సుమారు 94 వేలు పట్టుకున్నారు. ఈ జాడలు తీయడమే వ్యాపారంగా చైనాలిసిస్ వంటి కంపెనీలు పుట్టాయి. ఇది దొంగసొమ్ము, ఇది మత్తుమందుల సొమ్ము అని అవి వాలెట్లకు గుర్తులు పెడతాయి. అలాంటి వాలెట్ నుంచి వచ్చిన కాయిన్‌ను మనం ఎక్స్ఛేంజ్‌లో వేస్తే, అక్కడి సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. ఖాతా ఆగిపోతుంది. తప్పు చేసినవాడు ఎప్పుడో జారుకుని ఉంటాడు, దొరికేది చివర పట్టుకున్నవాడు.

అడక్కుండా వచ్చినదైనా ఇబ్బందే. 2022 ఆగస్టు 8న అమెరికా టోర్నడో క్యాష్ అనే సేవను నిషేధించింది. మరునాడే ఎవరో ఆకతాయి అందులోంచి కొంచెం కొంచెం ఈథర్‌ను పేరున్నవాళ్ల వాలెట్లకు పంపాడు. కొన్ని సేవలు ఆ వాలెట్లనూ అడ్డుకున్నాయి. ఆ నిషేధాన్ని 2025 మార్చిలో ఎత్తేశారు.

ఆస్ట్రేలియాలో 2018 ఏప్రిల్ 3 నుంచి ఎక్స్ఛేంజ్‌లు ఆస్ట్రాక్ వద్ద నమోదు కావాలి, అనుమానం వస్తే రిపోర్టు పంపాలి. పంపిన సంగతి మనకు చెబితే చాలా సందర్భాల్లో నేరమే. అందుకే ఎన్నిసార్లు అడిగినా ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబే వస్తుంది. 2023 మార్చిలో భారత్ కూడా క్రిప్టో వ్యాపారాన్ని మనీ లాండరింగ్ చట్టం కిందికి తెచ్చింది.

మనవాళ్లకు అసలు దెబ్బ ఇంటి దగ్గర తగులుతుంది. ఇక్కడ కాయిన్ అమ్ముతాం, ముఖం తెలియని కొనుగోలుదారు అమ్మ ఖాతాలో రూపాయలు వేస్తాడు. ఆ రూపాయలు ఎవరినో మోసం చేసి తెచ్చినవైతే, బాధితుడు 1930కి ఫోన్ చేయగానే డబ్బు వెళ్లిన ఖాతాలను ఒక్కొక్కటిగా ఆపేస్తారు. కేసు ఏ రాష్ట్రంలోనో ఉంటుంది, నోటీసు ఏ భాషలోనో వస్తుంది, అమ్మేమో ఊళ్లో బ్యాంకు మెట్ల మీద కూర్చుంటుంది.

ఇప్పటికే ఈ దారిలో డబ్బు పంపినవారు కొన్నప్పటి రసీదు, బదిలీ నంబరు, కొన్నవాడితో జరిగిన మాటలు, ఆ నెల పేస్లిప్ ఫోన్‌లోంచి చెరపకండి. ఎక్స్ఛేంజ్ అడిగినా, పోలీసులు అడిగినా మొదటి ప్రశ్న ఒకటే: ఈ డబ్బు నీకు ఎక్కడిది?