కురుగోడు సీమలో పొయ్యియు వంటచెఱకును

బళ్లారికి ఉత్తరముగా, నల్లరేగడి మైదానమున రాతిగుట్టల నానుకొని యున్న కురుగోడు చరిత్రకారులకు క్రొత్త ఊరు గాదు. కల్యాణి చాళుక్యుల సామంతులైన సిందవంశీయుల కిది రాజధాని. గుట్టలపై కోటగోడలును, దిగువ ప్రాచీనాలయములును, దొడ్డబసవేశ్వరుడని పేరొందిన మహానందియు నేటికిని కానవచ్చుచున్నవి. శాసనములలో దానముల వివరములును రాజుల బిరుదములును లభించును. ఆ గుడులకు రాళ్లు మోసిన కూలివాని ఇంట సాయంకాలము పొయ్యిలో నేమి మండెనో మాత్రము శాసనములు చెప్పవు. దానిని తెలిసికొనవలెనన్న నేలను, చెట్టును, బూడిదను పరిశీలింపవలసి యున్నది.

బూడిద మాట యిచట అలంకారము గాదు. కుడితిని, కుప్పగల్లు మొదలగు బళ్లారి పరిసర గ్రామములలో పెద్ద బూడిదదిబ్బలు కలవు. భీముడు హిడింబాసురుని దహించిన చోటివని స్థానికులు చెప్పుకొనుచుండిరి. 19వ శతాబ్ది పూర్వార్ధమున న్యూబోల్డ్ అను సైనికోద్యోగి వీనిని గూర్చి వ్రాసెను. రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీనికిని పశువుల పేడకును సంబంధము కలదని ఊహించెను. రాబర్ట్ సూయెల్ 1899లో వేఱొక మార్గము త్రొక్కి, ఇవి విజయనగర కాలపు దహనసంస్కారముల శేషములని తలచెను. వివాదము చాలకాలము నడచినది. తుదకు 1957లో ఆల్చిన్ పండితుడు మహబూబ్‌నగరు జిల్లా ఉట్నూరునందు త్రవ్వకములు జరిపి, నవీన శిలాయుగపు పశుపాలకుల దొడ్లలో పేరుకొనిన పేడ పలుమార్లు కాలుటచే నీ దిబ్బ లేర్పడినవని స్పష్టపఱచెను. ఆ మంటలు వంటకై వేసినవి కావు. దొడ్లలోని పేడను కాల్చినవి. అయినను ఈ సీమలో పేడ కాలుట వేలయేండ్ల నాటి మాట యనుటకు ఆ దిబ్బలే సాక్ష్యము.

వంటచెఱకు కరవు మాత్రము అంత పాతది గాకపోవచ్చును. నల్లరేగడి నేలలో ప్రత్తి, జొన్న పండునే గాని దట్టమైన అడవి పెరుగదు. దగ్గరి అడవి యనదగినది సొండూరు కొండలమీదిదే. ఆ కొండలలో ఇనుపరాయి కలదు. దానిని కరగించు పాతకాలపు కొలుములకు బొగ్గు కావలెను. బొగ్గునకు చెట్లు కావలెను. 1800లో దత్తమండలము ఆంగ్లేయుల వశమైన పిదప బళ్లారి పెద్ద దండుపట్టణమైనది. దండు వంటశాలలకును, పట్టణపు ఇండ్లకును కట్టెలబండ్లు దూరమునుండి రావలసివచ్చెను. 1871లో మద్రాసు రైలుమార్గము రాయచూరు చేరి బొంబాయి మార్గముతో గలిసెను. ఆ తొలినాళ్లలో మద్రాసు రైలు యంత్రములు కట్టెలనే మండించెడివి. ఊరి యిల్లాలి పొయ్యికిని, రైలు యంత్రమునకును ఒకే అడవిపై పోటీ యేర్పడినప్పుడు గెలిచిన దెవరో వేఱుగ చెప్పనక్కఱలేదు. పిమ్మట 1876–78 నాటి మహాక్షామము. బళ్లారి జిల్లా మిక్కిలి నష్టపడిన జిల్లాలలో నొకటి. 1882లో మద్రాసు అటవీశాసనము వచ్చెను. అడవులు కట్టుదిట్టమయ్యెను గాని కట్టెమోపు తెచ్చుకొనువారికి క్రొత్త చిక్కులు దాపురించెను.

కట్టె లేనిచోట పిడక పొయ్యిలోనికి వచ్చును. ఇది రైతుయొక్క అజ్ఞానమని ఆనాటి అధికారులు పలువురు తలచిరి. 1889లో హిందూదేశమునకు వచ్చిన వ్యవసాయ రసాయనవేత్త వోల్కర్ ఆ మాట నంగీకరింపలేదు. రైతు ఎరువు విలువ నెఱుగును. వేఱు వంటచెఱకు లేకనే పేడను కాల్చుచున్నాడు. కావున ఊళ్లకు చేరువగా వంటచెఱకునకును పశుగ్రాసమునకును ప్రత్యేకముగా తోపులు పెంపవలెనని యతడు 1893లో వెలువడిన తన నివేదికలో వాదించెను. ఆ కాలపు నివేదికలలో ఇంతటి నిష్పాక్షికత అరుదు.

ఈ కరవునకు విదేశీ వృక్ష మొకటి విరుగుడుగా వచ్చినది. 1876లో మద్రాసు రాజధాని అటవీ అధికారి బెడ్డోము మెట్టసీమలకై అమెరికా ఖండపు ముండ్లచెట్టు విత్తనములను కోరెను. జమైకానుండి వచ్చిన విత్తనములను కడప మండలము కమలాపురమున 1877–78 ప్రాంతమున నాటిరి. తెలుగువా రీ చెట్టును సర్కారుతుమ్మ యనియు, కంపచెట్టనియు పిలుచుచున్నారు. కన్నడమున దీని పేరు ‘బళ్లారి జాలి’! తెలుగునేలపై మొలకెత్తిన చెట్టు పొరుగు భాషలో బళ్లారి పేర స్థిరపడుట వింతయే. చెట్లు భాషాసరిహద్దులను పాటింపవు గదా.

ఈ చెట్టు గుణదోషములు రెండును పెద్దవే. నఱికినకొలది చిగిర్చును, మేకలు ఆకును ముట్టవు, కఱ్ఱ గట్టిది, నిలుకడగా మండును, బొగ్గు మేలైనది. పేదయిండ్ల పొయ్యిని నూఱేండ్లకు పైగా ఆరిపోకుండ కాచిన దిదియే. చెఱువుగట్లను, బీళ్లను ఆక్రమించి ఇతర వృక్షములను మొలవనీయక చెఱచినదియు నిదియే. ముల్లు గుచ్చుకొనిన కాలు వాచును. కూలికి పోయి వచ్చుచు కంప కొట్టి మోపుగట్టి తలకెత్తుకొను స్త్రీకి ఈ చెట్టుపై కృతజ్ఞతయు విసుగును సమానముగా నుండుటలో ఆశ్చర్యము లేదు.

ఇక పొయ్యి సంగతి. చలిదేశములలో కట్టెపొయ్యి యన్న ముందుగా గుర్తువచ్చునది గదిని వెచ్చజేయు ఇనుపపొయ్యి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740 దశకమున ఫిలడెల్ఫియాలో రూపొందించిన పొయ్యియు, ఆ శతాబ్ది చివర రంఫర్డు ప్రభువు సవరించిన గోడపొయ్యియు, పొగగొట్టమువెంట వేడి వృథాగా పోకుండ గదిలోనే నిలుపుటకు పుట్టినవి. నేడు అట్టి దేశములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు పొయ్యి నెన్నుకొనుటలో గది వైశాల్యము, గోడల కట్టడి ముఖ్యములు. గదికి మించిన పొయ్యి నుంచినచో గాలి బిగించి మంటను అణచి కాల్చవలసి వచ్చును; అట్టి మంటవలన గొట్టమునిండ జిడ్డుమసి పట్టి, ఒకనా డది అంటుకొను ప్రమాదము కలదు. కురుగోడు వంటి సీమలో సమస్య తలక్రిందులైనది. ఇచట వేసవి భయంకరము. వేడిని పాత్రకు మాత్రమే చేర్చి తక్కినదానిని ఇంటినుండి వెడలగొట్టవలెను. పుష్య మాఘములలో కొన్ని తెల్లవాఱుజాములు చలి పుట్టినచో వీధిలో నెగడు చాలును. బాలింతల గదిలో కుంపటి పెట్టు నాచారము కలదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణాపాయకరము. దానికి పొగ లేకపోవుటయే మోసము. కంటికి కనబడని విషవాయువు నిద్రలోనే మనుష్యుని చంపగలదు.

పాతయిండ్లలో పొయ్యి మూడు రాళ్లది, లేక మూడుప్రక్కల కట్టి ఎదుట నోరువిడిచిన మట్టిది. పెద్ద పొయ్యి ప్రక్క చిన్న పొయ్యి యొకటి కట్టి, మిగులు మంటపై పులుసు కాచుకొనుట కలదు. పాలకు పిడకల దాలి వేఱు; పెండ్లివంటకు నేల త్రవ్విన గాడిపొయ్యి వేఱు. మట్టిమిద్దె యింటిలో కిటికీలు తక్కువ. కప్పున నున్న చిన్న గవాక్షము ఒక్కటే పొగకు దారి. పొగ దూలములకు పురుగు పట్టనీయదని పెద్దలు చెప్పుదురు. అది కొంత నిజమే. కాని దూలమును కాచిన ఆ పొగయే ఊదుగొట్టముతో నిప్పు రాజేయు స్త్రీ కన్నులను, ఊపిరితిత్తులను తినివేసినది. 1983లో కర్క్ స్మిత్ మున్నగువారు గుజరాతు గ్రామములలో వంటచేయు స్త్రీలు పీల్చు పొగను కొలిచి ప్రచురించువఱకు ఈ బాధ శాస్త్రజ్ఞుల లెక్కలలోని కెక్కనేలేదనవచ్చును.

పొగను బయటికి పంపు ప్రయత్నములు మాత్రము అంతకు ముందే యారంభమైనవి. వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామపరిశ్రమల సంఘమువారు ‘మగన్ చూల్హా’ను ప్రచారము చేసిరి. తెలుగువారు గర్వింపదగిన ప్రయత్నము హైదరాబాదున జరిగినది. అచటి ఇంజనీరింగు పరిశోధనశాల అధ్యక్షుడు డాక్టరు ఎస్. పి. రాజు మట్టితో కట్టదగిన పొగరాని పొయ్యిని రూపొందించి, 1953లో దానిని గూర్చి యొక చిన్న పుస్తకము ప్రకటించెను. ఆ పరిశోధనశాల పేరి తొలి యక్షరములనుబట్టి దానికి ‘హెర్ల్ చూల్హా’ యను పేరు వచ్చినది. ఒకే మంట వరుసగా పాత్రల క్రిందుగా సాగి, తుదకు గొట్టముద్వారా మిద్దెపైకి పోవును. ఆ యేడే, 1953 అక్టోబరు 1న, ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు రాగా, కురుగోడుతో కూడిన బళ్లారి తాలూకా మైసూరునకు పోయినది. రాష్ట్రములు మాఱినను పొయ్యి మాఱలేదు. తెలుగింట ‘పొయ్యి’, కన్నడింట ‘ఒలె’, రెంటిలోను మండినది ఒకే కంప.

1974లో బెంగుళూరు విజ్ఞానసంస్థయందు ఆమూల్య రెడ్డిగారి చొరవతో ‘అస్త్ర’ యను గ్రామీణ సాంకేతిక విభాగ మేర్పడెను. అచట పుట్టిన ‘అస్త్ర ఒలె’ మూడు పాత్రల పొయ్యి. పొగగొట్టము గాలిని బలముగా లాగినచో పొగతోబాటు వేడియు పోవును. కావున పొగ పోయిన పొయ్యి కట్టెలను మిగుల్చునని నియమము లేదు. ఈ చిక్కును అస్త్రవారు గాలిద్వారములను, మంటగదిని కొలతప్రకారము కుదించి సవరించిరి. 1983లో కేంద్రప్రభుత్వము మెఱుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమము నారంభించి, 2002లో విరమించునాటికి మూడుకోట్లకు పైగా పొయ్యిలను పంచినది. వానిలో బహుళసంఖ్య కొలదికాలమునకే మూలబడినవి.

కారణము లేమి? స్త్రీలకు క్రొత్తపై విముఖత యని తేల్చివేయుట సులభము. అది న్యాయము గాదు. ఈ సీమ యాహారము జొన్నరొట్టె, సంగటి. రొట్టెకు వెడల్పైన పెనము, దాని క్రింద నంతట సమముగా మంట, పిమ్మట రొట్టెను పొంగించుటకు ఎదుట నిప్పుకలు కావలెను. సన్నని రంధ్రముపై పెనము నిలిపిన నడుమ మాడి అంచు పచ్చిగా నుండును. సంగటిని తెడ్డుతో గట్టిగా గెలుకునప్పుడు పొయ్యి కదలరాదు. పలుచని అంచు పగులును. మూడు రంధ్రముల పొయ్యి మూడు వంటలు ఒక్కసారి వండు ఇంటికి లాభము; ఒక కుండ మాత్రమే యెక్కు పేదయింట మిగిలిన రంధ్రములనుండి పొగయే వచ్చును. గొట్టము నెలకొకసారి మసి దులుపవలెనని కట్టినవారు చెప్పలేదు, లేక చెప్పినది నిలువలేదు. ప్రయోగశాలలో నీళ్లు కాచి కొలిచిన పొయ్యిపై రొట్టె కాల్చి చూచిన పరీక్షలు అరుదు.

కావున పొయ్యిని ఎన్నుకొనువారు ముందుగా చూడవలసినది పొయ్యిని గాదు, కట్టెను. పచ్చికట్టెలో సగమువఱకు నీరే యుండవచ్చును. ఒక్క కిలో నీటిని ఆవిరిచేయుటకే 540 కిలోకాలరీల వేడి వ్యయమగును. ఎండి, సన్నగా చీల్చిన కట్టె పాతపొయ్యిలో మండినను మంచిపొయ్యిలో పచ్చికట్టెకంటె మేలు. ప్రత్తికట్టె, కందికట్టె భగ్గున మండి ఆరును. వానికి లోతైన మంటగది వలదు, మాటిమాటికి ఎగదోయుటకు నోరు కావలెను. 1953లో తుంగభద్ర నీరు కాలువల కెక్కిన తరువాత వరి వచ్చినది, వరితో ఊక వచ్చినది; ఊకను కూరి కాల్చు పొయ్యికి ఎగద్రోయు పని లేదు గాని నడుమ ఆర్పుట కష్టము. మంట క్రింద ఇనుపజల్లెడ యుండినచో గాలి తగిలి బూడిద రాలును. పాత్రకును మంటకును ఎడము పెరిగినకొలది వేడి ప్రక్కలకు పోవును. గొట్టము మిద్దెగోడకంటె ఎత్తున లేనిచో ఎదురుగాలి పొగను మరల ఇంటిలోనికే త్రోయును. మూడురాళ్ల పొయ్యి కట్టెలోని వేడిలో పదవవంతే వినియోగించునని పూర్వము వ్రాసిరి. ఓపికతో, ఎండుపుల్లలతో మండించు చేతిలో నది అంతకంటె మెఱుగుగా పనిచేయునని తరువాతి కొలతలు చూపినవి. చేతినేర్పును ఆ తొలి లెక్కలు పట్టించుకొనలేదు.

2016 మే 1న ఉజ్జ్వల పథకము వచ్చిన పిదప గ్యాసుబండ పేదయిండ్లకును చేరినది. అన్నము, పులుసు, తేనీరు దానిపై నగుచున్నవి. పలుచోట్ల పెరటిగోడ ప్రక్కన మూడురాళ్లు ఇంకను కలవు. స్నానపునీళ్లు వానిమీదనే కాగుచున్నవి, పదిమంది వచ్చినప్పటి రొట్టెలును. బండ ఖాళీయై డబ్బు చేతికి రాని దినములలో పొయ్యి మరల వసారాలోనికి జరుగుచున్నది. గోడవారను బళ్లారి జాలి మోపు ఎండుచుండుట మానలేదు.