బళ్ళారి తెలుగువారి భాషా హక్కులు

కర్ణాటకలోని బళ్ళారి జిల్లా తెలుగువారికి భాషా అల్పసంఖ్యాకులుగా రాజ్యాంగం ఇచ్చిన రక్షణలివి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రపు బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, తక్కినవి మైసూరుకు వెళ్ళాయి. తగువంతా బళ్ళారి తాలూకా మీదే. జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా విచారణ తరువాత అదీ మైసూరుకే దక్కింది. తుంగభద్ర ప్రాజెక్టు దృష్ట్యా దానిని ఆంధ్రకు ఇవ్వాలని 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం సూచించినా అమలు కాలేదు.

29, 30 అధికరణాలు భాషను కాపాడుకునే, విద్యాసంస్థలు నడుపుకునే హక్కునిస్తాయి. 1956లో ఏడో సవరణతో వచ్చిన 350ఎ, ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించమంటుంది. 350బి కింద నియమితుడైన ప్రత్యేక అధికారి నివేదికలు పార్లమెంటు ముందుకు వెళతాయి గాని, ఆయనకు ఆదేశించే అధికారం లేదు. పెద్ద లోటు ఇదే.

అయినా వీరికి పౌరసత్వమనే అండ ఉంది.   

అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రం ప్రమాణంగా తేల్చాలని 2002లో టి.ఎం.ఎ. పై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బళ్ళారిలో ఎందరున్నా తెలుగువారికి ఈ హక్కులు వర్తిస్తాయి.