హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న

పడిన శ్రమ వృథా అయినప్పుడు మనవారు “హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న” అంటారు. సున్న ఏమిటో బడిపిల్లలందరికీ తెలుసును. మరి హళ్ళి ఏమిటి?

అది తెలుగు భిన్నాల లెక్కలోని ఒక గుర్తు. పూర్ణసంఖ్యలను పదులతో లెక్కించిన మన పూర్వులు భిన్నాలను మాత్రం నాలుగేసి భాగాలు చేసేవారు. ఒకటిలో నాలుగవ వంతు కాలు, కాలులో నాలుగవ వంతు వీసం, వీసంలో నాలుగవ వంతు కాని. కాలు స్థానంలో నిలువు గీతలు, వీసం స్థానంలో అడ్డగీతలు, కాని స్థానంలో మరల నిలువు గీతలు గీసేవారు. ఎక్కడను మూడు గీతలకు మించవు. నాలుగైతే పై స్థానంలో ఒకటి చేరుతుంది. నిలువు గీతల స్థానం ఖాళీ అయితే హళ్ళి, అడ్డగీతల స్థానం ఖాళీ అయితే సున్న. సామెతలో ఆ రెండును జంటగా నిలుచుటకు కారణం ఇదేనని నా ఊహ.

రూపాయిలో పదహారవ వంతు అణా. కావున తొమ్మిదణాలనగా అర, దానిపై వీసం. అరకు రెండు నిలువు గీతలు, వాటి ప్రక్క వీసానికి ఒక అడ్డగీత. అంతే!

కాలు అను మాటనే చూడండి. నాలుగు కాళ్ళ జంతువుకు ఒక కాలు నాలుగవ వంతు గదా! సంస్కృతంలో ‘పాదం’ కూడ అట్టిదే. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరంలో నన్నయ రచించిన వృత్తాలును నాలుగు పాదాలతోనే నడిచినవి.

ధాన్యపు కొలతలలోను ఇదే చూపు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీటితో పండిన ధాన్యాన్ని కూడ చాలకాలం కుంచాలతోనే కొలిచినారు. కళ్ళంలోని రాశిని త్రాసు లేకుండ సగం చేయవచ్చును, ఆ సగాన్ని మరల సగం చేయవచ్చును. పది సమభాగాలు చేయుట ఎంత కష్టమో గుప్పెడు శనగలతో ప్రయత్నించి చూడండి.

1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు పైసలైనది. పావలా నాణెం 2011 జూన్ 30న చెలామణి నుండి తొలగినది. అయినను ‘పదహారణాల తెలుగు’ అంటాము గాని ‘నూరు పైసల తెలుగు’ అనము. నూటిలో నాలుగవ వంతును నేటికీ ‘పాతిక’ అంటాము. మాట మనిషి ఆలోచనను బంధిస్తుందని కొందరంటారు. అంత దూరం పోనక్కరలేదు. పైసల లెక్క మనవారు నేర్చుకొననే నేర్చుకొన్నారు. కాని నిండుతనం అనగానే మనసు ఇంకను పదహారునే తలచుకొంటుంది.

మాటలు మిగిలినవి, గీతలు చదువగలవారు అరుదైనారు. ఇది చిన్న నష్టం కాదు. పాత పంపకపు కాగితంలో అడ్డగీతను నిలువు గీతగా చదివితే వీసం వాటా కాలు వాటా అవుతుంది. ఎకరంలో ఆరుంపావు సెంట్లు కావలసినది ఇరవై ఐదు సెంట్లవుతుంది! 2008లో ఈ గీతలు, హళ్ళి, తూము గుర్తు యూనికోడ్‌లో చేరినవి గనుక కంప్యూటరు వాటిని వ్రాయగలదు. చదువవలసినది మనమే. మీ ఊరిలో ఏ అటక మీదనైన కరణంగారి లెక్కల కట్ట ఉంటే, చెదలు పట్టకముందే దింపించి, మొదట గీతల దిక్కు చూడండి.