బోర్డు ఆట అమరిక పళ్లెం
బోర్డు ఆట పెట్టెలో కార్డులు, పలకలు, పావులు కలిసిపోకుండా ఆ ఆట కొలతలకే రూపొందించి త్రీడీ ప్రింటరుతో ముద్రించే అరల పళ్లేన్ని అమరిక పళ్లెం అంటారు. కరిగించిన ప్లాస్టిక్ తీగను పొరలుగా పేర్చే ఈ పద్ధతి, 2005లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో మొదలైన రెప్‌రాప్ ప్రాజెక్టుతో ఇళ్లకు చేరువైంది. 1995లో జర్మనీలో వెలువడిన కటాన్ ఆటలో 19 షట్కోణ పలకలు, 95 వనరుల కార్డులతోపాటు ఒక్కో ఆటగాడికి 15 రోడ్లు, 5 గ్రామాలు, 4 నగరాలు ఉండడంతో ఆటగాళ్ల పావుల రంగుకొక అర కేటాయించడం అనుకూలమైన అమరిక. రూపకల్పనలో అసలు కీలకం వదులు: కాలిపర్‌తో తీసిన కొలతకు ప్రతి పక్కనా సుమారు 0.5 మి.మీ. కలుపుతారు, ప్లాస్టిక్ తొడుగులు వేస్తే కట్ట మందం బాగా పెరుగుతుంది కనుక కార్డులను తొడుగులతోనే కొలుస్తారు. అర అడుగుభాగాన్ని వంపుగా మలిస్తే చిన్న పావులు వేలికి జారి వస్తాయి. సాధారణంగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడుతుంది కాబట్టి, ఎండలో నిలిపిన కారులో పళ్లెం వంగిపోవచ్చు.