నూతన పరిశ్రమలకు దోహదము: బందరు నిదర్శనము

మన యువకులు ఉద్యోగములకై కాచుకొనియుండక స్వయముగా పరిశ్రమలు స్థాపింపవలెనని మహాసభలయందు ఏటేట వినుచున్నాము. మాట మంచిదే. కాని అట్లు పూనుకొనిన యువకునకు చుట్టునున్న సమాజము ఏమి సమకూర్పవలెనను ప్రశ్న అంతగా వినరాదు. ఈ ప్రశ్నకు మన తెలుగుదేశచరిత్రయే సమాధానము చెప్పుచున్నది. అందులకు బందరు పట్టణమును నిదర్శనముగా గ్రహించితిమి.

బందరు ఒకప్పుడు పేరెన్నికగన్న రేవు. 1611లో ఆంగ్లేయులచ్చట వర్తకస్థానమును నెలకొల్పిరి. అచటి కలంకారి వస్త్రములు ఓడలకెక్కి దూరదేశములకు పోయెడివి. 1864 నవంబరు 1వ తేదీన వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మృతినొందిరి. పట్టణమునకు పూర్వవైభవము మరల రాలేదు. అట్టి యూరనే 20వ శతాబ్ది ప్రథమపాదమున నూతన చైతన్యము పొడసూపెను.

ఆ చైతన్యము నడచిన క్రమము గమనింపదగినది. 1902లో కృష్ణాపత్రిక వెలువడెను. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. అందు గ్రంథవిద్యతోపాటు చేతిపనులును నేర్పిరి. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పడెను. 1923 నవంబరులో పట్టాభిగారి పూనికచే ఆంధ్రా బ్యాంకు వెలసెను. దాని అధీకృత మూలధనము 10 లక్షల రూపాయలు. చెల్లింపబడినది 1 లక్ష మాత్రమే. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీయు, 1926లో శాస్త్రప్రయోగ సాధనములను చేయు ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీయు పుట్టెను.

అనగా పావుశతాబ్దిలోపల ఒకే పట్టణమున వార్తలందించు పత్రిక, పనినేర్పు పాఠశాల, అప్పిచ్చు బ్యాంకు, ఆపదకు ధీమానిచ్చు బీమా, పనిముట్లుచేయు కర్మశాల సమకూడెను. వీనిలో ఏయొక్కటియు ఒంటిగా చాలియుండెడిది కాదు. పట్టాభిగారు వృత్తిచే వైద్యులు, వర్తకులు కారు. బ్యాంకు మూలధనమును ఒక్క ధనికుని పెట్టెనుండి గాక వాటాల రూపమున సేకరించిరి. ఆ సంస్థల వాకిళ్లు ఏ యొక కులమువారికో పరిమితములు గావు. కులసంఘమువారమగు మనము ఈ సంగతిని మరువరాదు.

తరువాతి చరిత్రయు చెప్పవలసినదే. 1956లో జీవితబీమా జాతీయమాయెను. బ్యాంకు ప్రధాన కార్యాలయము కాలక్రమమున హైదరాబాదు చేరెను. 1980లో బ్యాంకు జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమయ్యెను. ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్వీకరించెను. ఆ సంస్థ శాఖ నేటికిని బందరున పనిచేయుచున్నది. పేర్లు మాసిపోయినను పనితనము మిగిలినది.

నేడు ప్రభుత్వములును ఈ మార్గమునే త్రొక్కుచున్నవి. హైదరాబాదులో 2015లో ప్రారంభమైన టీ-హబ్ నూతన సంస్థలకు సలహాయు, పెట్టుబడిదారుల పరిచయమును కల్పించుచున్నది. 2023లో తెరువబడిన టీ-వర్క్స్ నమూనా వస్తువులను చేసికొనుటకు యంత్రములనొసగుచున్నది. కాని ఆ వాకిలివరకు పల్లెటూరి పిల్లవానిని నడిపించువారెవరు? ఆ మొదటి అడుగు సంఘములదే.

మన సంఘములు సాధారణముగా వసతిగృహములకును, విద్యార్థివేతనములకును, కల్యాణమండపములకును ధనమిచ్చుచున్నవి. అవి వలదని మేమనము. కాని చదువు ముగించినవానికి తాకట్టుపెట్ట భూమిలేనిచో బ్యాంకు అప్పు దుర్లభము; క్రొత్త యోచనను తాకట్టుగొను బ్యాంకు అరుదు. కావున మూడు పనులు విన్నవించుచున్నాము. వాటాల రూపమున చిన్న మూలధననిధి నేర్పరచుట మొదటిది. అనుభవజ్ఞులగు వర్తకులు నెలకొకసారి యువకులతో గూర్చుండి లెక్కలు చూచుట రెండవది. మూడవది ధనముతో పనిలేనిది, అన్నిటికంటె కష్టమైనది: నష్టపడినవాని పేరు పెండ్లిపందిళ్లలో చెప్పుకొని నవ్వు అలవాటును మానుట. పదిమందిలో కొందరు నష్టపడక తప్పదు. వారికి రెండవమారు నిలువ తావియ్యని యూర మొదటిమారు పూనుకొనువారును ఉండరు.

లక్షరూపాయలతో మొదలైన బ్యాంకు తెలుగునాట నూరేండ్లకు కొంచెము తక్కువగా నిలిచినది. మన వదాన్యులు ఈ సంవత్సరము దానపత్రము వ్రాయునపుడు ఈ సంగతిని తలచుకొందురుగాక.