వైద్య నైతిక సూత్రాలు

చికిత్సలోనూ వైద్య పరిశోధనలోనూ ఏది చేయదగినదో తేల్చుకోవడానికి ఆధారమయ్యే సూత్రాలు. టామ్ బోషాం, జేమ్స్ చిల్‌డ్రెస్ 1979 నాటి తమ గ్రంథంలో వీటిని నాలుగుగా చెప్పారు: రోగి స్వయంనిర్ణయం, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం. వీటిలో ఏది ముందన్న వరస వాళ్లు పెట్టలేదు, చిక్కంతా అక్కడే. రక్తం ఎక్కించవద్దని పూర్తి తెలివిలో ఉన్న రోగి పట్టుబడితే మొదటి రెండూ ఢీకొంటాయి.

మన దేశంలో ఎక్కువగా నలిగేది స్వయంనిర్ణయమే. క్యాన్సర్ సంగతి కొడుక్కి చెప్పి రోగికి దాచడం ఇక్కడ మామూలు. ఆపరేషన్‌కు ముందు నర్సు చూపించిన చోట, చదవకుండానే, సంతకమో వేలిముద్రో పడిపోతుంది. రోగ నిర్ధారణ పరీక్షకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు చెల్లదని సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది.

పరిశోధనలోనూ ఇదే తీరు. 2009లో ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో ఎన్నో సమ్మతి పత్రాలపై తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారు. 2010లో అధ్యయనం ఆగింది. ఆ కాలంలో టీకా వేయించుకున్న బాలికల్లో సంభవించిన మరణాలకు టీకాయే కారణమని, దీనిపై ఏర్పడిన విచారణ సంఘం తేల్చలేదు. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.