బంతి వేరులో నీలి వెలుగు

గుమ్మానికి బంతి తోరణం, గొబ్బెమ్మ తలపై బంతిపువ్వు, బతుకమ్మ వరసల్లో బంతిపూలు. ఇంతగా మనదైపోయిన ఈ పువ్వు పుట్టిల్లు మెక్సికో. అక్కడ ఏటా నవంబరు మొదట్లో, చనిపోయిన పెద్దల్ని తలచుకునే పండుగకు బంతి రేకులను దారిగా పరుస్తారు. ఆ ఘాటు వాసన పట్టుకుని ఆత్మలు ఇల్లు చేరతాయని వారి నమ్మకం. పువ్వును ఇంతమంది నెత్తిన పెట్టుకున్నారు గానీ, వేరు సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

కూరగాయల రైతుకు నులిపురుగులంటే హడల్. కంటికి ఆనవు. టమాటా, వంగ వేళ్లలో దూరి బుడిపెలు కట్టిస్తాయి, మొక్క గిడసబారిపోతుంది. అమెరికా శాస్త్రవేత్త గోథోల్డ్ స్టైనర్ బంతి వేళ్లను పరీక్షించి 1941లో ఒక వింత చెప్పాడు. పిల్లపురుగులు బంతి వేళ్లలోకీ దూరుతున్నాయి, కానీ లోపల ఎదగలేకపోతున్నాయి. వాటిని ఆపుతున్నదేమిటి?

జవాబు దొరికింది, అదీ దాన్ని వెతకని వారికి! కాలిఫోర్నియాలో జెక్‌మైస్టర్ మొక్కల రంగుల రసాయనంలో దిట్ట. 1947లో ఆయన, సహచరుడు సీజ్ బంతిపూల నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. అతినీలలోహిత కాంతి పడితే అది నీలంగా మెరిసింది. గంధకం ఉన్న ఆ పదార్థం పేరు టెర్థయినైల్. దానికీ పురుగులకూ ముడి ఉందని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

తర్వాతి అడుగు హాలండ్‌లో పడింది. అక్కడ నార్సిసస్ పూల దుంపలకు వేరుకుళ్లు తెచ్చే నులిపురుగులు, బంతి వేసిన నేలలో తగ్గుతున్నాయని 1956లో స్లూట్‌వెగ్ రాశాడు. రెండేళ్లకు ఊలెన్‌బ్రూక్, బైలో అనే రసాయన శాస్త్రవేత్తలు బంతి వేళ్ల నుంచి పురుగును చంపే పదార్థాన్ని బయటికి తీశారు. చూస్తే అదే టెర్థయినైల్! పూలలో మెరిసిన పదార్థమే వేళ్లలో విషమైంది.

ఇక మందు చేతికొచ్చినట్టే అనిపించింది. కానీ గాజు పాత్రలో పురుగుల్ని చంపిన ఆ పదార్థం, మట్టిలో కలిపితే పెద్దగా పనిచేయలేదు. 1970లలో డచ్ పరిశోధకుడు గోమర్స్ కారణం పట్టాడు. వెలుగు తగిలితేనే దాని విషం పదునెక్కుతోంది. మరి నేలలోపల వెలుగేది? వెలుగు చేసే పనిని చీకట్లో వేరులోని ఎంజైములు చేయగలవని తర్వాతి ప్రయోగాలు సూచించాయి. అంటే మందు ఒక్కటే చాలదు, దాన్ని పనిచేయించే బతికున్న వేరూ కావాలి. నాకు ఈ కథలో అన్నిటికన్నా అందమైన ఘట్టం ఇదే.

అందుకే రైతులకు ఒక మాట. గట్టు వెంట ఒక వరస బంతి వేసినంత మాత్రాన చేనంతటా నులిపురుగు తగ్గదు. తర్వాత ఏ మడిలో కూరగాయలు వేయాలో ఆ మడి నిండా, దగ్గరదగ్గరగా, కనీసం రెండు నెలలు బంతిని పెరగనివ్వండి.